రెండు నిమిషాల్లో పోయిన ఊదారంగు

ఆదిలాబాద్
3 జూలై 2025

ఆరాధనకు నీ బాపమ్మ లచ్చవ్వ రాస్తున్నది.

నువ్వు ఫోను ఎత్తవు. ఈ వారంలో పదకొండు సార్లు చేయించాను. నీ తమ్ముడు జోయల్ నంబరు నొక్కి నా చెవి దగ్గర పెడతాడు. అది మోగి మోగి ఆగిపోతుంది. "అక్క పనిల ఉన్నదేమో బాపమ్మా" అంటాడు వాడు. ఎంత పనిలో ఉన్నా అన్నం తినే వేళ ఒకటి ఉంటుంది కదా. తింటున్నావా అసలు? అందుకే నా చేతితోనే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా ముప్పై ఏళ్ళు మందుల పేర్లు చూసి చూసి, చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని పట్టుకుని అక్షరం నిలబడింది. తప్పులుంటే నవ్వుకో, కానీ చదువు.

మే నెలలో కన్ను ఆపరేషన్‌కు కరీంనగర్ వచ్చి నీ రూములో పన్నెండు రోజులు ఉన్నాను. గంట గంటకూ కంట్లో చుక్కలు వెయ్యాలని నువ్వే నన్ను రోజూ నీ ల్యాబ్‌కు తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టావు. నేను రానన్నాను, గుర్తుందా? బస్సెక్కించిన రోజు కూడా మంచిగానే ఉన్నావు. జూన్ పడగానే నీకు నేను శత్రువునయ్యాను. మీ బాపును అడిగితే, "దాని లెక్కలేవో తప్పయినయట అవ్వా, సారు కోపం జేస్తుండట, నువ్వు జర ఊకో" అన్నాడు. ఊకోవడం నాతో అవుతుందా? నా కొడుకు సీమోను సంగతి తెలుసు కదా, జిన్నింగ్ మిల్లులో రోజంతా కాంటా దగ్గర నిలబడి వస్తాడు, నాలుగు మాటలు అడిగితే ఐదో మాటకు కసురుకుంటాడు.

ఒక్క మాట సూటిగా అడుగుతున్నాను. నీ ల్యాబ్‌లోని ఆ డబ్బాలోది ఇంకా ముడుతున్నావా? నీతోపాటు అదే సారు దగ్గర చదువుతూ నీ రూములోనే ఉండే సృజన నాకు డబ్బా మీది పేరు చదివి చెప్పింది. ఫెర్రోసైనైడ్ అట. సైనైడ్ అంటే ఏమిటో ఆస్పత్రిలో పనిచేసిన నాకు చెప్పాలా? నేను వచ్చిన కొత్తలో నువ్వు రెండుసార్లు కాగితాల ముందు కూర్చుని ఏడ్చావు. నేను చూడలేదనుకున్నావు. ఒక కన్నుకే కట్టు ఉంది, రెండో కన్ను బాగానే ఉంది.

జవాబు రాయి. రాయకపోతే నేనే బస్సెక్కి వస్తాను.

లచ్చవ్వ


కరీంనగర్
9 జూలై 2025

బాపమ్మకు,

రావద్దు. వస్తే రూముకు తాళం ఉంటుంది.

ఫోను కావాలనే ఎత్తడం లేదు. ఫోనులో నువ్వు ఒకటి అంటావు, మరుసటి రోజు "నేను గట్లనలే" అంటావు. కాగితం మీద రాస్తే మాట మారదు. కాబట్టి రాయి. నేను అడిగేది ఒక్కటే. మే నెలలో ల్యాబ్‌లో నా గాజు ఫ్లాస్కులను నువ్వు ముట్టుకున్నావా?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, నీకు అర్థమైనా కాకపోయినా. నా పని ఇది. ఒక నీళ్ళలో ఇనుము ఉన్న ఉప్పు, అదే నువ్వు భయపడే ఫెర్రోసైనైడ్, కరిగిస్తాను, ఇంకో నీళ్ళలో కోబాల్టు ఉన్న ఊదారంగు ఉప్పు. రెండూ కలిపితే ఇనుము దగ్గరున్న ఎలక్ట్రాన్ ఒకటి కోబాల్టు దగ్గరికి దాటుతుంది. దాటిందనడానికి గుర్తు, ఊదారంగు పోయి నీళ్ళు పసుపుపచ్చగా మారడం. అది ఎంతసేపట్లో జరుగుతుందో కొలుస్తాను. ఈ రెండు ఉప్పులకూ ఉన్నది ఒకే రకం విద్యుత్తు, రుణ విద్యుత్తు. అందుకని దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. మెల్లగా నలభై నిమిషాలు పడుతుంది.

మే నెలలో నువ్వున్న రోజుల్లో అది రెండు నిమిషాల్లో అయిపోయింది. ఒకసారి కాదు, తొమ్మిది సార్లు. నేను ఎగిరి గంతేశాను. సార్ నాకంటే సంబరపడి పెద్ద మీటింగులో అందరి ముందు చెప్పాడు. జూన్‌లో మళ్ళీ చేస్తే నలభై నిమిషాలు. ఎన్నిసార్లు చేసినా నలభై. ఇప్పుడు సార్ అంటున్నాడు, నేను కూర్చుని అంకెలు అల్లానని. ఆగస్టు ఇరవైన ఐదుగురి కమిటీ కూర్చుంటుంది. ఆ రెండు నిమిషాలు ఎలా వచ్చాయో చూపించలేకపోతే నా పీహెచ్‌డీ ఆ రోజుతో రద్దు. నాలుగేళ్ళు.

ల్యాబ్ తాళంచెవి నా దగ్గర ఒకటి, సృజన దగ్గర ఒకటి, అంతే. నా ఫ్లాస్కుల్లో ఆమే ఏదో కలిపిందని సార్‌కు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె రూము ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఫెర్రోసైనైడ్‌తో ఎవరూ చావరు. అందులో సైనైడ్‌ను ఇనుము గట్టిగా పట్టుకుని ఉంటుంది, వదలదు. ఆ భయం పక్కన పెట్టి అడిగినదానికి జవాబు రాయి.

ఆరాధన


ఆదిలాబాద్
15 జూలై 2025

సీమోను కూతురికి,

ముట్టలేదు. నీ గాజు సీసాలు నేను ముట్టలేదు. చాలా?

కన్న తండ్రి తల్లిని ఇట్లా అడుగుతారా? పోలీసులైనా ముందు కూర్చోమని అడుగుతారు. ఉత్తరం చదివి నేను గడపలో కూర్చుండిపోతే పక్కింటి మరాఠీ ఆవిడ వచ్చి "కాయ్ ఝాలం మావ్‌శీ" అని, ఏమైందని అడిగి నీళ్ళిచ్చింది. ఏం చెప్పను? నా మనుమరాలు నన్ను దొంగను చేసిందని చెప్పనా?

నీ చదువు పోతుందని నాకు లేదా? నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. బీపీ గోలీ వేసుకున్నానో లేదో గుర్తు లేక నిన్న రెండోసారి వేసుకున్నాను. తల తిరిగింది. మీ బాపుకు చెప్పకు. ఇక్కడ వాన సరిగా లేదు, పత్తి విత్తనం పెట్టినవాళ్ళు మళ్ళీ పెడుతున్నారు, అందరి మొహాలూ ఒకే రకంగా ఉన్నాయి. జోయల్ కొత్తగా బండి నేర్చుకుని హెల్మెట్ లేకుండా తిరుగుతున్నాడు. నువ్వొకటి చెప్పు వాడికి, నా మాట వినడు.

సృజన మీద కాగితం ఎందుకిచ్చావు? ఆ పిల్ల నాకు రెండు రోజులు చుక్కలు వేసింది. నేను తెచ్చిన సర్వపిండి తిని చేయి నాకింది. అట్లాంటి పిల్ల పక్కవాళ్ళ పనిలో చెయ్యి పెడుతుందా? నేనేమో, అన్నీ తెలిసినదాన్ని కాదు. కానీ తొందరపడ్డావని నా మనసు కొట్టుకుంటున్నది. నీకు చిన్నప్పటి నుంచీ అంతే, ముందు కోపం వస్తుంది, తర్వాత కారణం వెతుక్కుంటావు.

ఇంకో మాట. ఇనుము పట్టుకుంటే విషం వదలదు అని రాశావు. ఎవరు చూశారు పట్టుకున్నదో వదిలిందో? నువ్వు ఆ చేతులతోనే ప్లేటు పట్టుకుని తింటావు.

ముట్టలేదని మళ్ళీ రాస్తున్నాను.

లచ్చవ్వ


కరీంనగర్
22 జూలై 2025

బాపమ్మకు,

మా ల్యాబ్ అటెండర్ లింగమూర్తి నెల రోజుల సెలవు నుంచి నిన్న వచ్చాడు. ఫ్లాస్కుల సంగతి అడిగాను. ఆయన అన్నది అక్షరం పోకుండా రాస్తున్నాను:

"మీ ముసలవ్వనే గదా మేడం! మీరు చాయ్‌కి బోతే చాలు, సింకు కాడ నిలబడి సీసలన్నీ కడుగుతుండె. నేను వద్దంటే 'మా పిల్లయే, నీకేంది నడుమ' అని నా మీదికి లేసింది. గా వయసు మనిషితోని నేనేం పంచాది వెట్టుకోవాలె?"

ముట్టలేదని రెండుసార్లు రాశావు. నీ అక్షరాలే నా ముందున్నాయి. నీ మాట పట్టుకుని సృజనే చేసిందని ఇంకా గట్టిగా నమ్మాను. ఇప్పుడు సార్ దగ్గరికి ఏ మొహంతో వెళ్ళను? వెళ్ళినా ఆయన అడిగేది ఒక్కటే: ఉత్త నీళ్ళతో కడిగితే ఇలా కాదు కదా, దేనితో కడిగింది?

దేనితో కడిగావు? ఎన్ని రోజులు? ఎలా? ఏడుపులు, బీపీ, వానలు ఏవీ వద్దు. ఇవి మూడే రాయి.

ఆరాధన


ఆదిలాబాద్
28 జూలై 2025

ఆరాధనా,

కడిగాను. ఎనిమిది రోజులు కడిగాను. సబ్బుతో కడిగాను. అయిపోయిందా నీ విచారణ?

ఎందుకు కడిగానో నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. నువ్వు సీసా కడగడం కళ్ళారా చూశాను. ఇన్ని నీళ్ళు పోసి, అటూ ఇటూ తిప్పి, పారబోస్తావు. ఇంకో బాటిల్‌లోంచి ఇంకో ఇన్ని నీళ్ళు. అంతే! దాన్ని కడగడం అంటారా? మా మిషన్ ఆస్పత్రి దొరసాని డాక్టరమ్మ చూసి ఉంటే నీ చేతిలోంచి లాక్కునేది. నేను కడిగిన గాజు సిరంజిలు ఎన్ని వేలమందికి గుచ్చారో, ఒక్కరికి చీము పట్టిందని మాట రాలేదు. అట్లాంటిదాన్ని, సైనైడ్ ఉన్న సీసాలు నా మనుమరాలు ఉత్త నీళ్ళతో తిప్పుతుంటే కుర్చీలో కూర్చుని చుక్కలు వేయించుకోనా?

భయపడ్డాను. ఏడ్చిన పిల్ల చేతి దగ్గర విషం ఉంటే ఎవరికి భయం కాదు? మన వాడలో పత్తి మందు డబ్బాలు ఇంట్లో ఉండబట్టే ఎంతమంది పోయారో నీకు తెలియదా? నువ్వు కమిటీ అంటావు, సారు అంటావు. నాకు నువ్వు కావాలి. అంతే నాకు తెలిసింది.

ముట్టలేదని ఎందుకు రాశానంటే, నువ్వు అడిగిన తీరుకు. కుశలం లేదు, ఏం లేదు, ముట్టినవా లేదా. చెయ్యి అబద్ధం రాసింది.

ఇప్పుడు నిజం తెలిసింది కదా, వెళ్ళి సృజన మీది కాగితం వెనక్కి తీసుకో. ఈ రోజే తీసుకో.

బాపమ్మ


కరీంనగర్
4 ఆగస్టు 2025

బాపమ్మకు,

మళ్ళీ అబద్ధం.

నీ ఉత్తరం అందిన రోజే మొదలుపెట్టాను. రూములోని గిన్నెల సబ్బు, బట్టల సబ్బు, సర్ఫు పొడి, ఒంటి సబ్బు, ల్యాబ్‌లోని లిక్విడ్, ఒక్కోదానితో ఫ్లాస్కు కడిగి, మళ్ళీ నీళ్ళతో తొలవకుండా వదిలి, నురగ కూడా కలిపి చేశాను. నలభై నిమిషాలు. ముప్పై తొమ్మిది. నలభై ఒకటి. సార్ చూసి నవ్వాడు. "మొన్న ఫ్రెండ్, ఇయ్యాల ముసలవ్వ, రేపు ఎవరమ్మా?" అన్నాడు అందరి ముందు.

సబ్బుతో ఎందుకు కాదో కూడా ఇప్పుడు తెలిసింది, విను. సబ్బు అణువుకు నీళ్ళంటే పడే తల ఒకటి, నూనెంటే పడే తోక ఒకటి ఉంటాయి. నీళ్ళలో ఒక మోతాదు దాటగానే అవన్నీ గుంపు కట్టి, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని కంటికి కనబడని ఉండలవుతాయి. మామూలు సబ్బు తలకు ఉన్నది రుణ విద్యుత్తు. నా ఉప్పులు రెండింటిదీ అదే. కాబట్టి అవి ఆ ఉండల జోలికి పోవు, వాటి పని అవి చేసుకుంటాయి. సబ్బు ఉన్నా లేనట్టే.

తలకు ధన విద్యుత్తు ఉండే రకం వేరే ఉంది. అదైతే నా ఇనుమునూ కోబాల్టునూ రెండింటినీ తన ఒంటి మీదికి లాక్కుంటుంది. నీళ్ళంతటా తిరిగేవి ఒకే ఉండ మీద పక్కపక్కన పడతాయి. నెట్టేసుకునే సందు ఉండదు. ఎలక్ట్రాన్ చప్పున దాటుతుంది. రెండు నిమిషాలు అలాగే వచ్చి ఉండాలి. కానీ అలాంటి రకాలు వందల కొద్దీ ఉన్నాయి. ఏదో తెలియకుండా కమిటీ ముందు ఏం పెట్టను? ఆ రకం బట్టలకు, గిన్నెలకు వాడే సబ్బుల్లో ఉండదు. మరి నీ చేతిలోకి ఎక్కడిది?

నువ్వు సబ్బు అన్నంతకాలం తప్పు సృజనదే అవుతుంది, ఎందుకంటే ల్యాబ్ అల్మారాలో ఆ రకం సీసా ఒకటి ఉంది, అది ఆమె పేరు మీద తెప్పించింది. నేను ఇచ్చిన కాగితానికి సార్ ఇప్పుడు దాన్నే రుజువు అంటున్నాడు. ఆమెకు నోటీసు వెళ్ళింది.

నీ చేతిసంచిలో ఏముంది బాపమ్మా? నేను వెతకబోతే చెయ్యి మీద కొట్టావు, గుర్తుందా? పదహారు రోజులున్నాయి. నువ్వు రాయకపోతే బాపుకు ఫోను చేసి సంచి విప్పి చూడమంటాను.

ఆరాధన


ఆదిలాబాద్
9 ఆగస్టు 2025

ఆరాధనకు,

నువ్వే గెలిచావు. బాపుకు ఫోను చెయ్యకు. రాస్తున్నాను.

అది ఆస్పత్రి మందు. పుండ్లు కడిగేది, సామాన్లు నానబెట్టేది. పసుపుపచ్చగా, కొంచెం జిగటగా ఉంటుంది. చేతికి రాసుకుంటే జారుతుంది. ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళలోనే చేతులు పెట్టాను. రిటైరైన తర్వాత మెడికల్ షాపులో కొనుక్కుంటున్నాను. బయట ఎక్కడ ముట్టినా ఒక చుక్క రాసుకుంటే తప్ప నా ప్రాణం నిమ్మళించదు. సీసా మీది చిన్న అక్షరాలు ఇవాళ పక్కింటి ఆవిడ కోడలితో చదివించాను. సెట్రిమైడ్ అని ఉందట. నీకు కావలసింది అదే కావచ్చు.

ఎలా కడిగానంటే, ముందు నీళ్ళు. తర్వాత ఒక్కో సీసాకు ఆ మందు ఒక మూతెడు. మెడ దాకా తిప్పి, లోపల అంతా పారించి, పారబోసి, బోర్లించడం. మళ్ళీ నీళ్ళు పోయలేదు. పోస్తే మందు గుణం పోతుందని డాక్టరమ్మ నేర్పింది. గాజుకు అది అంటుకుని ఉండాలి. నువ్వు ఆ సీసాలే తీసుకుని నీ పని చేసుకున్నావు. నేను కుర్చీలో కూర్చుని, పోనీలే, ఈ రోజుకు గండం గడిచిందని అనుకున్నాను.

ఇది మొదటే ఎందుకు రాయలేదో కూడా చెబుతాను. చెబితే నా ఇల్లు పోతుంది.

జోయల్‌కు రెండేళ్ళు. నువ్వు నాలుగో తరగతి. నేను డ్యూటీ నుంచి వచ్చి ఆ సీసా గూట్లో పెట్టాను. చేతికందే గూడే. వాడు తాగాడు. నోరంతా పొక్కింది, ఊపిరి ఆడలేదు. ఐదు రోజుల దాకా, బతుకుతాడని ఎవరూ చెప్పలేదు. నీకు కిరసనాయిలు తాగాడని చెప్పాం. కిరసనాయిలు కాదు, నా మందు. మీ అమ్మ పోయేదాకా నా చేతి నీళ్ళు తాగలేదు, ఎందుకో నీకు తెలియదు కదా, ఇదీ కారణం. మీ బాపు ఆ రోజు ఆస్పత్రి వరండాలో అందరి ముందు అన్నాడు: "గా సీసా మళ్ల నా ఇంట్ల కనబడ్డదనుకో అవ్వా, నువ్వు కనబడవు." నేను చర్చిలో మోకరించి ప్రమాణం చేశాను, మళ్ళీ ముట్టనని.

ఆరు నెలలు ఆగాను. తర్వాత ఒక చిన్న సీసా తెచ్చి పాత స్కార్ఫులో చుట్టి సంచి అడుగున పెట్టాను. పదహారేళ్ళుగా అది అక్కడే ఉంది. అయిపోతే ఇంకోటి. ఆ సంచి నేను ఎవరికీ ఇవ్వను.

నీకు కమిటీ ఉంది, నాకు సీమోను ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు ముందు నన్ను తినేస్తారో అని నెల రోజులుగా చూస్తున్నాను. కానీ ఆ పిల్లకు నోటీసు వెళ్ళిందని రాశావు చూడు, ఆ మాట చదివాక ఆగలేకపోయాను. నీ బెదిరింపుకు భయపడి రాశాననుకోకు.

మందు సంగతి మీ వాళ్ళకు చూపించు. జోయల్ సంగతి చూపించకు. ఈ రెండో కాగితం చించేయ్.

బాపమ్మ


కరీంనగర్
21 ఆగస్టు 2025

బాపమ్మా,

నా పీహెచ్‌డీ రద్దు కాలేదు, రిజిస్ట్రేషన్ నిలిచింది. ముందు అది తెలుసుకో.

మెడికల్ షాపు నుంచి అదే మందు తెచ్చి, నువ్వు రాసినట్టే మూతెడు పోసి, తిప్పి, పారబోసి, బోర్లించి, మళ్ళీ నీళ్ళతో తొలవకుండా వాడాను. రెండు నిమిషాల పది సెకన్లు. తర్వాత కొలిచి కలుపుతూ పోయాను. మోతాదు పెరిగేకొద్దీ ఊదారంగు ఇంకా తొందరగా పోయింది. ఒక హద్దు దాటాక తిరగబడింది, మళ్ళీ ఆలస్యం. ఉండలు మరీ ఎక్కువైతే ఇనుము ఒక ఉండ మీద, కోబాల్టు ఇంకో ఉండ మీద ఉండిపోతాయి. కలిసే అవకాశం తగ్గుతుంది. ఇవన్నీ గీతలు గీసి నిన్న కమిటీ ముందు పెట్టాను.

బయటి నుంచి వచ్చిన పెద్దాయన నమ్మలేదు. మందు ఇప్పుడు కలిపావు సరే, మేలో కలిసిందని ఏం ఆధారం అన్నాడు. నీ ఉత్తరం ఇచ్చాను. మందు ఉన్న కాగితం ఒక్కటే ఇచ్చాను. అది "చెబితే నా ఇల్లు పోతుంది" అన్న దగ్గర ఆగిపోయింది. "మిగతాది ఏది?" అన్నాడు. ఇచ్చాను.

ఐదుగురూ చదివారు. ఇది ముసలావిడే రాసిందని తేల్చుకోవాలని సార్ నా ఫారంలో ఉన్న నంబరుకు ఫోను చేశాడు. అది బాపు నంబరు. స్పీకర్ పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఆపలేకపోయాను అని రాయను. ఆపలేదు. ఆపితే ఉత్తరం నేనే అల్లానంటారని.  బాపు "మా అవ్వనే రాసింది సార్" అని పెట్టేశాడు.

థ్యాంక్స్ అని రాసి నిన్ను మోసం చేయను. రెండు ఉత్తరాలు ముందే ఈ మాట రాసి ఉంటే ఎవరికీ ఫోను పోయేది కాదు. నువ్వు దాచావు, నేను విప్పాను. ఇద్దరం సమానం.

సృజన నోటీసు ఆగిపోయింది. నేను ఇచ్చిన కాగితం మాత్రం ఫైల్లోనే ఉంది. తీయాలంటే నేను తప్పుడు ఫిర్యాదు రాశానని నేనే కమిటీకి చెప్పాలి. ఇప్పుడిప్పుడే నిలబడ్డాను. ఆమె వేరే గైడ్ దగ్గరికి మారిపోయింది కూడా. కొన్నాళ్ళు పోనీ.

ఆరాధన


నస్పూర్
30 ఆగస్టు 2025

ఆరాధనకు,

ఊరి పేరు చూశావు కదా. చెల్లెలు బాలవ్వ ఇంట్లో ఉన్నాను.

సీమోను ఆ రోజు మిల్లు నుంచి మధ్యాహ్నమే వచ్చాడు. కొట్టలేదు, అరవలేదు. నా సంచి అడిగి తీసుకుని, స్కార్ఫు విప్పి, సీసాను కిటికీలో పెట్టి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ఆపరేషనై ఇంటికొచ్చినంక నీ కండ్లల్ల సుక్కలు నేనే ఏసిన. ఊర్లెకు బోతే గీ సంచి నేనే మోసిన. నా పోరగాన్ని సంపబోయినదాన్ని నాతోనే మోపిచ్చినవా అవ్వా?"  తెల్లారి తనే మంచిర్యాల బస్సెక్కించాడు. జోయల్ బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా తన చెప్పుల వైపే చూశాడు. వాడికి ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది. వాడు ఏమనుకుంటున్నాడో అన్న ఫికరు నాకు మిగతా అన్నింటికంటే ఎక్కువ ఉంది.

బాలవ్వ గుమ్మంలోనే, "రా అక్కా, బొగ్గు బాయి పక్కన ఇల్లు మాది, గంటకోపాలి కడిగినా దుమ్ము పోదు. నీకు మంచి కొలువే దొరికింది" అన్నది. ఆమె నోరు అంతే. పండుకోవడానికి చోటిచ్చింది.

నీ మీద నాకు కోపం ఉంది. చించేయమన్న కాగితం దాచుకున్నావు. దాచుకున్నదాన్ని ఐదుగురికి ఇచ్చావు. ఇద్దరం సమానం అని రాశావు. కాదు. నా అబద్ధం నా నెత్తి మీద పడింది, నేను మోస్తున్నాను, సంచి పట్టుకుని చెల్లెలి గుమ్మంలో నిలబడ్డాను. నీ అబద్ధం ఇంకొకరి పిల్ల నెత్తి మీద ఉంది. ఆ పిల్ల మోస్తున్నది, నువ్వు గీతలు గీసుకుంటున్నావు. ఉండల కథ నాకు చెప్పకు. ఎవరు ఎవరి దగ్గరికి ఎంతసేపట్లో పోతారో కొలిచే చదువు చదివి, ఒక తలుపు కొట్టి తప్పయిందనడానికి కొన్నాళ్ళు కావాలా నీకు?

నేను సృజన తల్లి గురించి ఆలోచిస్తున్నాను. ఇల్లు వదిలి చదివే పిల్ల మీద ఇట్లాంటి కాగితం పడిందని తెలిస్తే ఆ తల్లికి నిద్ర ఉంటుందా? నాకైతే ఉండదు. లేదు కూడా.

కాబట్టి ఇదీ మాట. నా ఉత్తరం ఏ గదిలో చదివారో అదే గదిలో, ఆ ఐదుగురినే కూర్చోబెట్టి, ఆ పిల్లను పిలిచి, ఆమె ముందు నువ్వు రాసింది తప్పని చెప్పు. చెవిలో కాదు, ఫోనులో కాదు. అంతమంది ముందు. సారు మళ్ళీ నవ్వితే నవ్వనీ. చదువు పోతే పోనీ అనడం లేదు. పోదు అని కూడా అనడం లేదు. నాకు తెలియదు. భయంగానే ఉంది.

అది చేసేదాకా నాకు రాయకు. కవరు వస్తే తెరవను. బాలవ్వతో పొయ్యిలో వేయిస్తాను.

లచ్చవ్వ


కరీంనగర్
17 సెప్టెంబర్ 2025

బాపమ్మకు,

కవరు తెరవనన్నావు కాబట్టి కార్డు మీద రాస్తున్నాను. దీనికి తెరిచేదేమీ లేదు. నిన్న పదకొండు గంటలకు, అదే గది. పెద్దాయన రాలేదు, నలుగురే. సృజన వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. నేను రాసింది తప్పుడు ఫిర్యాదని, ఆమె నా ఫ్లాస్కులు ముట్టలేదని చెప్పి సంతకం పెట్టాను. సార్ నవ్వలేదు. క్రమశిక్షణ కమిటీకి పంపుతానన్నాడు, ఏమవుతుందో తెలియదు.  సృజన వాళ్ళమ్మ నా ముందుకొచ్చి, "నా బిడ్డ నెలన్నర అన్నం తినలే" అన్నది. నేను నిలబడి విన్నాను. బాపుకు కూడా రాశాను, ఆ రెండో కాగితం చించమన్నావని, చించనిది నేనని. నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. ఈ కార్డు పోస్ట్‌మాన్ చదువుతాడు, బాలవ్వ చదువుతుంది, వాడకట్టంతా చదువుతుంది. చదవనీ.

ఆరాధన